మే ఎండలో నిమ్మ-బత్తాయి షిఫాన్ కేకు: కావలిలో ఒక 50 ఏళ్ల పెళ్లిరోజు, కేస్ స్టడీ

కావలిలో తాత, అవ్వల పెళ్లయి 50 ఏళ్లు నిండిన వేడుక. మే మూడో వారం, సాయంత్రం ఏడింటికి, ఇంటి డాబా మీద షామియానా కింద. వచ్చేవాళ్లు 70 మంది. భోజనాలు, మిఠాయిలు వేరేవాళ్లు చూసుకుంటారు, మా నెల్లూరు వంటగదికి వచ్చిన పని కేకు ఒక్కటే. మనవరాలు అడిగింది ఇది: క్రీము కేకు వద్దు, పాతకాలం ఆరెంజ్ కేకు కావాలి, నిమ్మ, ఆరెంజ్ వాసన నిజంగా రావాలి, ఎసెన్సు చుక్క కూడా పడకూడదు. దాంతోపాటు ఇంకో షరతు. అవ్వ, ఆమె చెల్లెళ్లు గుడ్డు ముట్టరు. వాళ్ల ముందు ఖాళీ ప్లేటు పెట్టకూడదు, వాళ్లకూ అదే వాసన ఉన్న కేకు ఉండాలి.

ఈ ఆర్డరును వివరంగా రాయడానికి కారణం ఉంది. మన వైపు వేసవిలో నిమ్మజాతి పండ్లతో కేకు చేస్తే ఎక్కడెక్కడ దెబ్బ తింటుందో అవన్నీ ఇందులో ఒకేచోట కనిపిస్తాయి. మా పద్ధతి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: వాసన తొక్క నుంచి రావాలి, పులుపు పైపూత నుంచి రావాలి, పిండిలో రసం వీలైనంత తక్కువ పడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రసం ఎక్కువ పోస్తే వాసన ఎక్కువ వస్తుందనుకుంటారు. రసంలో ఉండేది పులుపు, తీపి, నీళ్లు. నిమ్మకు, ఆరెంజ్‌కు ఆ వాసన ఇచ్చే నూనె తొక్క పైపొరలోని చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది.

ఇంట్లో చేసి చూసిన కేకు

ఆర్డరు ఇవ్వడానికి ముందు ఆ మనవరాలు ఇంట్లోనే ఒక అమెరికా కొలతల షిఫాన్ కేకు (నూనె, గిలక్కొట్టిన తెల్లసొనతో చేసే తేలికపాటి కేకు) చేసి చూసింది. దాని ముక్క ఒకటి డబ్బాలో పెట్టి తెచ్చి, "అక్కా, ఇది తిని చూడండి, నిమ్మకాయ వాసనే లేదు, గొంతులో చేదు మిగులుతోంది" అంది. ఆ ముక్కను కోసి చూస్తే జరిగిందంతా తెలిసిపోయింది.

అడుగున దాదాపు రెండు సెంటీమీటర్ల మందాన పసుపురంగు పొర, వేలితో నొక్కితే రబ్బరులాగా సాగుతోంది. దాని పైన నిలువునా సొరంగాల్లాంటి రంధ్రాలు. పైభాగం మధ్యలో గుంట. బయటి అంచు తెల్లగా పాలిపోయింది. వాసన చూస్తే గుడ్డు నీచు.

ఏమేం వేసిందో అడిగాం. ముప్పావు కప్పు ఆరెంజ్ రసం అని ఉన్నచోట బత్తాయి రసం తీసుకుని, చిక్కబడితే రుచి పెరుగుతుందని సగానికి మరిగించింది. తగ్గిన కొలతను భర్తీ చేయడానికి అరకప్పు నిమ్మరసం పోసింది. బేకింగ్ పౌడరు అయిపోతే ఒక చెంచా వంటసోడా వేసింది. నాన్‌స్టిక్ టిన్నుకు నూనె రాసింది. ఈ నాలుగింటిలో ప్రతిదీ విడిగా కేకును చెడగొట్టగలదు.

చేదు సంగతి ముందు చెప్పాలి, మన ప్రాంతంలో అందరూ బోల్తా పడేది అక్కడే. బత్తాయి రసం పిండగానే తాగితే తియ్యగా ఉంటుంది, కొన్ని గంటలు ఉంచితే చేదెక్కుతుంది. పండు గుజ్జులో, గింజల్లో, తెల్లపొరలో ఉండే ఒక పదార్థానికి మొదట చేదు ఉండదు. పండు నలిగి అది రసంలోని పులుపుతో కలిశాక మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. చేదంతా ఆ లిమోనిన్‌దే. వేడి తగిలితే ఆ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది. అంటే బత్తాయి రసాన్ని మరిగించడమంటే చేదును తయారుచేసి మరీ చిక్కబరచడమే. ఎంత చక్కెర వేసినా ఆ చేదు నాలుక వెనక మిగిలే ఉంటుంది.

ఇక సోడా. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఆరేడు శాతం ఉంటుంది. ఆ లెక్కన ఒక గ్రాము వంటసోడాకు సుమారు 12 మి.లీ. నిమ్మరసం చాలు. చెంచా సోడా అంటే 5 గ్రాములు, దానికి 60 మి.లీ. సరిపోతుంది. ఆమె పోసింది 120. సగం పులుపు మిగిలిపోయి కేకు అంచులకు రంగు రానివ్వలేదు. ఎందుకంటే పులుపు ఎక్కువున్న పిండి ఓవెన్లో సరిగా ఎర్రబడదు. పైగా నిమ్మరసం, సోడా కలిసిన క్షణంలోనే గ్యాసు వచ్చేస్తుంది, ఓవెన్ దాకా ఆగదు. గిన్నెలోనే నురుగు పొంగిందని ఆమే చెప్పింది. ఆ పొంగుకు తెల్లసొన నురుగు కూడా విరిగిపోయి, బరువైన పచ్చసొన పిండి కిందికి దిగి రబ్బరు పొర అయింది.

షిఫానే ఎందుకు

షిఫాన్ కేకును 1927లో లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ బేకర్ అనే ఆయన తయారుచేశారు. అంతకుముందు ఆయన ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవారు. తయారీ రహస్యాన్ని ఇరవై ఏళ్లు తన దగ్గరే ఉంచుకుని 1947లో జనరల్ మిల్స్ కంపెనీకి అమ్మారు. 1948లో కొలతలు పత్రికలో వచ్చాయి. ఆ రహస్యం వంటనూనె. అప్పటిదాకా కేకంటే వెన్నతో బరువుగా చేసేది, లేదా కొవ్వే లేకుండా తెల్లసొనతో చేసేది. ఆయన పచ్చసొన పిండిలో నూనె కలిపి, దాన్ని గట్టిగా గిలక్కొట్టిన తెల్లసొనలోకి కలిపారు.

ఈ పాత కేకు మన వాతావరణానికి సరిగ్గా నప్పుతుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మే నెలలో కావలి డాబా మీద సాయంత్రం ఏడింటికి కూడా గాలి ఆ వేడిలోనే ఉంటుంది. వెన్న క్రీముతో వేసిన పూలు గంటకు జారతాయి. ఫ్రిజ్‌లో పెట్టి తెస్తే వెన్న కేకు గట్టిపడి పొడిగా అనిపిస్తుంది. నూనె ఫ్రిజ్‌లోనూ గడ్డకట్టదు, ఎండలోనూ రూపం మారదు. అందుకని షిఫాన్ చల్లగా తిన్నా మెత్తగానే ఉంటుంది.

ఈ మధ్య వింటేజ్ కేకు అనగానే అంచుల నిండా క్రీము గవ్వలు, కుచ్చులు పేర్చిన ఫొటోలే చూపిస్తున్నారు. మనవరాలి ఫోనులోనూ అలాంటివే ఉన్నాయి. అది షిఫాన్ మీద కుదరదని స్పష్టంగా చెప్పాం. షిఫాన్ ఆ బరువు మోయలేదు, వేడికి క్రీము నిలవదు. మధ్యలో నిమ్మ కర్డ్ (నిమ్మరసంతో చేసే చిక్కటి క్రీము, పెరుగు కాదు) పెట్టమన్న మాటకూ ఒప్పుకోలేదు. గుడ్డు, వెన్నతో చేసిన కర్డ్ 35 డిగ్రీల వేడిలో డాబా మీద రెండు మూడు గంటలు ఉండకూడదు. పిల్లలు, పెద్దవాళ్లు తినే చోట ఈ విషయంలో మొహమాటపడకూడదు. బదులుగా తెల్లని నిమ్మ పైపూత, దాని మీద పాకం పట్టిన బత్తాయి తొక్కలు అనుకున్నాం. ఆ కాలం కేకులు చూడ్డానికీ అలాగే ఉండేవి.

పండ్లు

మేలో కమలాలు దొరకడం కష్టం. ఫ్రిజ్ పండ్ల దుకాణాల్లో ఉండే విదేశీ ఆరెంజ్‌లకు మైనం పూత ఉంటుంది. రసానికి పర్వాలేదు, తొక్క వాడే పనికి మాకు నచ్చవు. మిగిలినవి నిమ్మ, బత్తాయి.

నిమ్మకు మనకు కొదవలేదు, పొదలకూరు మార్కెట్టు పక్కనే ఉంది. కాకపోతే వేసవిలో ధర మండిపోతుంది, కాబట్టి లెక్కగా కొనాలి. ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అమెరికా కొలతల్లో నిమ్మ అని రాసేది 100 గ్రాములకు పైన తూగే, మందపు తొక్క ఉన్న వేరే పండు. మన నిమ్మకాయ 40, 45 గ్రాములు, తొక్క పల్చన, రసం పులుపు ఇంకాస్త ఎక్కువ. 'రెండు నిమ్మకాయల తొక్క' అన్నచోట మనవి ఐదారు తీసుకోవాలి. 'రెండు నిమ్మకాయల రసం' అన్నచోట మాత్రం కాయలు లెక్కపెట్టకుండా మి.లీ. చూసి పోయాలి.

తొక్కకు ఆకుపచ్చగా, గట్టిగా, నిగనిగలాడే కాయలు తీసుకున్నాం. పైపూతకు కావాల్సిన రసానికి పసుపు తిరిగిన కాయలు. పచ్చికాయ తొక్కలో ఘాటు ఎక్కువ, పండిన కాయలో రసం ఎక్కువ. బత్తాయిల్లో పూర్తి ఆకుపచ్చవి వదిలేసి పసుపు చారలు కనిపించేవి ఏరాం. మరీ పచ్చి బత్తాయి తొక్క ఆకు వాసన కొడుతుంది.

తొక్క తురమడం ఈ కేకులో అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాయలు పది నిమిషాలు ఉంచి, రుద్ది కడిగి, బట్టతో పూర్తిగా తుడవాలి. తడి ఉంటే తురుము ముద్దలు కట్టి పిండిలో ఒకేచోట పడిపోతుంది. సన్నటి పళ్లున్న తురుముపీట ఏదైనా చాలు, కొబ్బరి కోరు పనికిరాదు. నిమ్మ మీద ఒకచోట ఒక్కసారే లాగాలి, వెంటనే కాయ తిప్పాలి. రెండోసారి లాగితే తెల్లపొర వస్తుంది, దాంతో చేదు వస్తుంది. తురిమిన చోట కాయ లేత ఆకుపచ్చగా కనిపిస్తున్నంతవరకు సరిగ్గా చేస్తున్నట్టు, తెలుపు కనిపిస్తే లోతుకు పోయినట్టు.

తురుమును అలాగే పిండిలో వేయకూడదు. కొలిచి పెట్టుకున్న చక్కెరలో వేసి వేళ్లతో రెండు మూడు నిమిషాలు నలపాలి. చక్కెర పలుకులు నూనె తిత్తులను చీలుస్తాయి. చక్కెర తడి ఇసుకలా అయి, లేత ఆకుపచ్చ రంగు తిరిగి, గదంతా వాసన పరుచుకుంటుంది. ఆ వాసన రాకపోతే కాయలు పాతవి, ఇంకో రెండు తురమాలి. ఓవెన్లోకి వెళ్లాక ఏ మార్పూ చేయలేం. కాలిన కేకులో ఆకుపచ్చ చుక్కలు ఖాకీ రంగులోకి మారతాయి. పత్రహరితం మీద పులుపు, వేడి చేసే పని అది, పాడైనట్టు కాదు.

కొలతలు, ఒక్క కేకుకు

మధ్యలో గొట్టం ఉన్న 10 అంగుళాల టిన్నుకు ఇవి:

మైదా 190 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 35 గ్రాములు
చక్కెర 280 గ్రాములు (190 పిండిలోకి, 90 తెల్లసొనలోకి)
బేకింగ్ పౌడరు 9 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు
సన్‌ఫ్లవర్ నూనె 110 మి.లీ.
పచ్చసొన 100 గ్రాములు (6 గుడ్లవి)
తెల్లసొన 240 గ్రాములు (8 గుడ్లవి)
అప్పుడే పిండి వడకట్టిన బత్తాయి రసం 100 మి.లీ., నిమ్మరసం 20 మి.లీ., చల్లని నీళ్లు 60 మి.లీ.
బత్తాయి తొక్క తురుము 8 గ్రాములు, నిమ్మ తొక్క తురుము 5 గ్రాములు
తెల్లసొనలోకి విడిగా నిమ్మరసం ఒక చెంచా

మైదాలో కొంత తీసి కార్న్‌ఫ్లోర్ కలపడం దేనికంటే, ఆ పాత కొలతలు కేక్ ఫ్లోర్ అనే వేరే రకం పిండికి రాసినవి. దాంట్లో ప్రోటీను తక్కువ. మన మైదా ఒక్కటే వేస్తే కేకు బొంగరంలా గట్టిగా వస్తుంది. గుడ్ల లెక్క కూడా మార్చాం. అక్కడి పెద్ద గుడ్డు మన బజారు గుడ్డు కంటే పెద్దది, అందుకే గుడ్ల సంఖ్య పట్టించుకోకుండా సొనను తూకం వేయాలి. వేరుశనగ నూనె వాడొద్దు, దాని వాసన నిమ్మను మింగేస్తుంది.

షిఫాన్ మొదటి కొలతల్లో ద్రవం ముప్పావు కప్పు చల్లని నీళ్లే, వాసనకు తురిమిన నిమ్మ తొక్క. రసం పోసేది ఆరెంజ్ రకంలో. మేం 180 మి.లీ.లో మూడోవంతు నీళ్లు ఉంచింది ఈ కారణంతోనే. బత్తాయి రసం పిండిన పావుగంటలోపే పిండిలో కలపాలి. గింజలు నలగకుండా చేత్తో పిండాలి, మిక్సీలో వేయకూడదు.

కాల్చడం

మూడు షిఫాన్ కేకులు, గుడ్డు లేనిది ఒకటి. మంచి భోజనం తర్వాత తినే కేకు కాబట్టి ఒక్కో షిఫాన్‌ను 20 నుంచి 22 పలుచని ముక్కలుగా కోయొచ్చు. ఒకదాని మీద ఒకటి పేర్చే ఆలోచన పెట్టుకోకూడదు, కింది కేకు నలిగిపోతుంది. మూడు ఎత్తుల స్టాండ్ల మీద విడివిడిగా పెట్టాలని ముందే కుటుంబంతో మాట్లాడుకున్నాం.

కలిపిన పిండి పది నిమిషాలు కూడా ఆగదు. ఒకటి ఓవెన్లోంచి తీసే సమయానికి రెండోదాని తెల్లసొన గిలక్కొట్టడం మొదలుపెట్టాలి. మూడింటికీ కలిపి ఒకేసారి కలిపేస్తే మొదటిది దూదిలా వస్తుంది, మూడోది అరిసె అవుతుంది. ఒక్కోదానికి ఒక్కో టిన్ను, మొత్తం మూడు కావాలి, ఎందుకంటే కేకు పూర్తిగా చల్లారేదాకా టిన్ను ఖాళీ కాదు.

టిన్ను పూతలేని అల్యూమినియందే కావాలి. నూనె రాయకూడదు, కాగితం పరవకూడదు. పిండి టిన్ను గోడలను పట్టుకుని పైకి పాకుతుంది, తలకిందులుగా వేలాడేటప్పుడూ ఆ పట్టుతోనే నిలుస్తుంది. నాన్‌స్టిక్ టిన్నులోనిది ఓవెన్లో బాగానే పొంగి, తిరగేయగానే దబ్బున కింద పడుతుంది.

ముందురోజు రాత్రి ఎనిమిది తర్వాత మొదలుపెట్టాం. మధ్యాహ్నం వంటగదిలో 38 డిగ్రీలుంటే తెల్లసొన నీళ్లలా పల్చబడి, తొందరగా పొంగి తొందరగా కూలుతుంది. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీయగానే సొనలు విడదీయాలి. చల్లగా ఉన్నప్పుడు పచ్చసొన చితకదు. తర్వాత తెల్లసొన గిన్నెను ఐసు నీళ్ల పళ్లెంలో ఉంచి, 20 డిగ్రీల దగ్గర ఉండగా గిలక్కొట్టాలి. గిన్నె స్టీలుది, లోపల కోసిన నిమ్మచెక్కతో రుద్ది ఆరబెట్టినది. ప్లాస్టిక్ గిన్నెకు ఎంత తోమినా జిడ్డు ఉంటుంది, ఆ జిడ్డుకు నురుగు లేవదు.

తెల్లసొన నురుగు నిలబడడానికి వేసే టార్టార్ పొడి మన ఊళ్లలో అన్నిచోట్లా దొరకదు. దాని బదులు నిమ్మరసం ఒక చెంచా సరిగ్గా అదే పని చేస్తుంది. నురుగు మొదలవగానే వేసి, మెత్తగా నిలబడే దశ నుంచి 90 గ్రాముల చక్కెర కొంచెం కొంచెంగా చల్లాలి. షిఫాన్‌కు తెల్లసొన మామూలు స్పాంజి కంటే గట్టిగా కావాలి: బీటరు ఎత్తితే మొన నిటారుగా నిలిచి, కొస మాత్రం కొద్దిగా వంగాలి. మెరుపు పోయి ముద్దలు ముద్దలుగా విడిపోతే మించిపోయినట్టు. ఆ ముద్దలు పిండిలో కలవవు, వాటిని కలపాలని తిప్పేకొద్దీ మిగిలిన నురుగూ చస్తుంది. అలాంటప్పుడు ఒక తాజా తెల్లసొన వేసి కొద్దిగా తిప్పితే కొంత తేరుకుంటుంది.

పచ్చసొన వైపు పని సులువు. మైదా, కార్న్‌ఫ్లోర్, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి, తొక్కతో నలిపిన చక్కెర కలపాలి. మధ్యలో గుంట చేసి నూనె, పచ్చసొన, రసం, నీళ్లు ఇదే వరసలో పోసి ఉండలు లేకుండా కలిపితే చాలు. ఎక్కువ తిప్పొద్దు. 

పచ్చసొన పిండిలో మూడోవంతు తెల్లసొన వేసి విస్క్‌తోనే కలిపి పల్చన చేయాలి. తర్వాత మిగిలిన తెల్లసొన మీద ఈ పిండి పోసి గరిటెతో అడుగు నుంచి పైకి తీస్తూ మడవాలి. తెల్లచారలు పోగానే ఆపేయాలి. గిన్నె అడుగున పసుపు పిండి మిగిలిందేమో తప్పకుండా చూడాలి. కావలి అమ్మాయి కేకులో కనిపించిన రబ్బరు పొర చాలా ఇళ్లలో ఇక్కడే పుడుతుంది. టిన్నులో పోశాక పుల్లతో రెండు చుట్లు తిప్పి, ఒకసారి బల్లకు తట్టాలి, పెద్ద బుడగలు పోతాయి. పైన మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి.

ఓవెన్ 165 డిగ్రీలు, అట్టడుగు అర, 50 నిమిషాలు. తర్వాత 175కు పెంచి 10 నిమిషాలు. ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) పై రాడ్డు దగ్గరగా ఉంటుంది కాబట్టి 35వ నిమిషంలో పైన వెండి కాగితం వదులుగా కప్పాలి. ఓవెన్ మీటను నమ్మకుండా లోపల ఒక థర్మామీటరు పెట్టుకోవాలి. పైనున్న పగుళ్ల లోపలి భాగం తడి లేకుండా కనిపించి, వేలితో నొక్కితే తిరిగి లేచి, మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు చూపిస్తే అయినట్టు. టూత్‌పిక్ పరీక్ష ఈ కేకులో మోసం చేస్తుంది, ఇంకా పచ్చిగా ఉన్నా శుభ్రంగానే వస్తుంది.

రెండో కేకు ఓవెన్లో ఉండగా, సగం దాటాక, కరెంటు పోయింది. తలుపు తెరవలేదు. ఆరేడు నిమిషాలకు కరెంటు వచ్చాక పోయిన సమయం మీద ఇంకో రెండు నిమిషాలు కలిపి కాల్చాం. పైభాగం ఒక సెంటీమీటరు దిగింది, లోపల గుల్ల మాత్రం బాగానే వచ్చింది. మొదటి 20 నిమిషాల్లో కరెంటు పోతే గోడలు గట్టిపడి ఉండవు, ఆ కేకు మీద ఆశ వదులుకోవాల్సిందే. మేలో సాయంత్రం గాలివాన మొదలయ్యే వేళ షిఫాన్ ఓవెన్లో పెట్టకూడదు.

బయటికి తీసిన మరుక్షణం తలకిందులుగా తిప్పి, టిన్ను గొట్టాన్ని సీసా మూతికి తగిలించాలి. నిటారుగా ఉంచితే తన బరువుకే నలిగి సగమవుతుంది. చలికాలంలో రెండు గంటలు సరిపోతుంది, మేలో మూడు గంటలు పట్టింది. టిన్ను అడుగున చెయ్యి పెడితే వేడి అనేదే తెలియకూడదు.

గుడ్డు లేని కేకు

దీన్ని మూడింటికంటే ముందు కాల్చాం, వేరే గిన్నెలు, వేరే విస్క్ వాడాం. ఓవెన్ మాత్రం అదేనని కుటుంబానికి ముందే చెప్పి, అవ్వ సరేనన్నాకే చేశాం. ఆచారం పాటించేవాళ్ల దగ్గర ఈ మాట దాచకూడదు.

షిఫాన్‌లో గుడ్డు తీసేసి ఏదో ఒకటి పెడితే అది షిఫాన్ కాదు. కాబట్టి దీన్ని వేరే కేకుగానే చేయాలి: మైదా 200 గ్రాములు, చక్కెర 150, పుల్లగా లేని కమ్మటి పెరుగు 200, నూనె 80 మి.లీ., నిమ్మరసం 15 మి.లీ., వంటసోడా రెండున్నర గ్రాములు, బేకింగ్ పౌడరు 5 గ్రాములు, చిటికెడు ఉప్పు, అదే తొక్క తురుము అంతే కొలతలో. ఆ పెరుగులోని పులుపు గ్రామున్నర సోడాను, నిమ్మరసం ఇంకో గ్రాముకు కొంచెం పైన విరుస్తాయి. అందుకే సోడా వాసన మిగలదు. నిమ్మరసం అన్నిటికంటే చివర, టిన్ను, ఓవెన్ సిద్ధంగా ఉన్నప్పుడే వేసి కలపాలి. 8 అంగుళాల టిన్ను, దీనికి నూనె, కాగితం రెండూ వేయాలి. 170 డిగ్రీలు, 35 నుంచి 40 నిమిషాలు.

తొక్కల పాకం, పైపూత

బత్తాయి తొక్కల్ని అర సెంటీమీటరు ముక్కలుగా కోసి, నీళ్లు మార్చి మార్చి మూడుసార్లు ఐదేసి నిమిషాలు ఉడికించాలి. దబ్బకాయ తొక్క పాకం పట్టేవాళ్లకు ఈ పని కొత్తేం కాదు. తర్వాత 200 గ్రాముల చక్కెర, 200 మి.లీ. నీళ్లలో సన్నమంట మీద 35, 40 నిమిషాలు, ముక్కలు గాజులా తేటబడేదాకా. చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే పాకం పలుకులు కట్టదు. జల్లెడ మీద పరిచి పల్చటి బట్ట కప్పి ఎండలో పెడితే మే ఎండకు ఒక్క పూటలో ఆరతాయి. వేడుకకు రెండు రోజుల ముందే ఇది అయిపోవాలి.

పైపూతకు ఒక్కో కేకుకు ఐసింగ్ షుగర్ 180 గ్రాములు, వడకట్టిన నిమ్మరసం 25 నుంచి 28 మి.లీ., ఒక పలుకు ఉప్పు. ఈ కేకు పులుపంతా ఇక్కడే ఉంది. పంచదార మిక్సీలో పొడిచేసి వాడితే నూటికి మూడు గ్రాముల కార్న్‌ఫ్లోర్ కలిపి జల్లించాలి. గరిటెతో ఎత్తి పోస్తే పడిన తీగ పది సెకన్లు కనిపిస్తూ ఉండాలి. వేసవిలో గది వేడికి పూత పల్చబడి ప్లేటులోకి జారిపోతుంది, అందుకే రసం మొదట 25 మి.లీ. పోసి, మిగతా మూడు మి.లీ. చుక్కలు చుక్కలుగా వేయాలి.

ప్రయాణం, వేడుక

షిఫాన్‌కు దాని టిన్నే మంచి పెట్టె. నెల్లూరు నుంచి కావలికి జాతీయ రహదారి మీద గంటకు పైగా ప్రయాణం, స్పీడ్ బ్రేకర్లు లేకుండా పోవు. చల్లారాక టిన్నులోనే ప్లాస్టిక్ రేకు చుట్టి, ఏసీ కారులో సీటు కింద చదును నేల మీద పెట్టి తీసుకెళ్లాం. వెనక డిక్కీలోకి ఏసీ గాలి సరిగా రాదు, అక్కడ పెట్టకూడదు. అక్కడికి చేరాక పల్చటి కత్తిని టిన్ను గోడకు ఆనించి, పైకీ కిందికీ ఆడించకుండా ఒకే గుండ్రంగా తిప్పి ఊడదీశాం.

పైపూత సాయంత్రం ఐదింటికి పోశాం. మధ్యాహ్నం పడమటి గాలికి అరగంటలో ఆరిపోయేది, సాయంత్రం సముద్రపు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి గంట దాటినా వేలికి కొద్దిగా అంటుకుంది. అందుకని తొక్కల ముక్కల్ని పూత తడిగా ఉన్నప్పుడే అతికించాలి, పూర్తిగా ఆరేదాకా ఎదురుచూడకూడదు. కోయడానికి పళ్లున్న కత్తి వాడాలి. నొక్కకుండా రంపంలా లాగాలి, ప్రతి ముక్కకూ తడిబట్టతో కత్తి తుడవాలి.

తాత మొదటి ముక్క తిని, "నిమ్మతోటలో ఉన్నట్టుందే" అన్నారు. ఆయనది రాపూరు వైపు ఊరు. గుడ్డు లేని కేకు చిన్నదే అయినా మిగలలేదు, గుడ్డు తినేవాళ్లు కూడా అటు చెయ్యి చాచారు. అలాంటి కేకు ఒకటికి రెండు చేయాలని దీంతో తేలింది. కరెంటు పోయి ఎత్తు తగ్గిన కేకును అన్నిటికంటే ఎత్తు స్టాండు మీద పెట్టాం, తేడా ఎవరికీ కనబడలేదు.

మిగిలిన ముక్కలు గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగు రోజులు బాగుంటాయి, బయట ఆ వేడిలో ఒక రోజుకు మించి ఉంచొద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కమలాలు బాగా దొరికే రోజుల్లో ఇదే కేకు చేస్తే బత్తాయి రసం, నీళ్లు రెండూ తీసేసి 160 మి.లీ. కమలా రసం, 20 మి.లీ. నిమ్మరసం వాడొచ్చు. బత్తాయి తొక్క బదులు కమలా తొక్క 6 గ్రాములు చాలు. కమలా తొక్క వదులుగా ఉంటుంది, కాయ ఒలవకముందే తురుముకోవాలి.